మంచు నేలల్లో నిమ్మ, నారింజ

1894 డిసెంబరు 29న ఫ్లోరిడా నారింజ తోటల్ని చలి కొట్టింది. ఓర్లాండోలో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 8 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. కాయలు చెట్టుమీదే గడ్డకట్టాయి, ఆకంతా రాలిపోయింది. అయినా చెట్లు చావలేదు. జనవరి వెచ్చగా గడిచింది. మోడుల్లో రసం కదిలింది, కొత్త చిగుళ్లు వచ్చాయి, రైతులకు ప్రాణం లేచొచ్చింది. ఫిబ్రవరి 7, 8 తేదీల్లో రెండో దెబ్బ పడింది. ఈసారి బెరడు నిలువునా చీలి, తాతల నాటి చెట్లు సైతం నేలమట్టం దాకా చచ్చిపోయాయి. ఏటా 50 లక్షల పెట్టెల పండు పంపే రాష్ట్రం మళ్లీ ఆ స్థాయికి రావడానికి సుమారు పదిహేనేళ్లు పట్టింది.

చలికి నిలిచే నారింజ కోసం పద్ధతి ప్రకారం వెతుకులాట ఆ తర్వాతే మొదలైంది. ఇవాళ అమెరికా, యూరప్ నర్సరీల్లో అమ్మే 'చలికి తట్టుకునే' నిమ్మ, నారింజ మొక్కల్లో చాలావాటి వంశం ఆనాటి సంకరాల దగ్గరికే చేరుతుంది. మొక్కకు కట్టిన చీటీ మీద ఒక అంకె ఉంటుంది: మైనస్ 9, మైనస్ 12, మైనస్ 15. కొనేవాళ్లు ఆ అంకె చూసే కొంటారు. ఆ అంకెను అంతగా నమ్మకూడదని నా అభిప్రాయం. ఫ్లోరిడా చెట్లు డిసెంబరు చలిని తట్టుకున్నాయి, ఫిబ్రవరి చలికి చచ్చాయి. రెండింటి మధ్య తేడా చలి తీవ్రతలో కన్నా చెట్టు స్థితిలోనే ఎక్కువ. మొదటి దెబ్బప్పుడు చెట్టు కాస్తో కూస్తో నిద్రలో ఉంది. రెండో దెబ్బ నాటికి మేల్కొని, లేత చిగురుతో, బెరడు కింద నీళ్లు నింపుకుని ఉంది.

ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల కిందికి వస్తే నిమ్మ జాతి చెట్లలో పెరుగుదల ఆగుతుంది. అలా కొన్ని వారాలు మెల్లగా చల్లబడితే కణాల్లో చక్కెరలు పెరుగుతాయి, నీటి శాతం తగ్గుతుంది, కణాల పొరలు చలికి తగ్గట్టు మారతాయి. దీన్నే గట్టిపడటం అంటారు. ఆపిల్, పీచ్ చెట్లకు ఉండే గాఢనిద్ర నిమ్మ, నారింజలకు లేదు. వీటిది కునుకు. నాలుగు రోజులు ఎండ కాస్తే లేచి చిగురేస్తాయి. అందుకే నవంబరు నుంచి ఒకే తీరుగా చల్లగా ఉండే చోట మైనస్ 9ని తట్టుకున్న చెట్టు, జనవరిలో 25 డిగ్రీల ఎండ కాసి మర్నాడు ఉత్తరగాలి తగిలే చోట మైనస్ 4కే మాడిపోవచ్చు. ఆ చలి ఎన్ని గంటలు ఉంది, గాలి వీచిందా, చెట్టు వయసెంత, కాపు మీద ఉందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. చీటీ మీది అంకె వీటిలో ఏదీ చెప్పదు.

నిమ్మ జాతిలో నిజంగా మోడై నిద్రపోయే చెట్టు మూడాకుల నారింజ, శాస్త్రీయ నామం పాన్సిరస్ ట్రైఫోలియాటా. ఇది చైనా ఉత్తర, మధ్య ప్రాంతాల చెట్టు. కొరియా, జపాన్‌లలో ముళ్లకంచెగా పెంచుతారు. ఒక్కో తొడిమకు మూడు చిన్న ఆకులు, వేలెడేసి ముళ్లు. శిశిరంలో ఆకంతా రాల్చేస్తుంది, వసంతంలో ఆకు రాకముందే తెల్లగా పూస్తుంది. బాగా గట్టిపడిన చెట్టు మైనస్ 20 దాటిన చలిలోనూ బతుకుతుంది. అదే చెట్టు లేత చిగురు మీద ఉంటే కొద్దిపాటి గడ్డకట్టే చలికే దెబ్బతింటుంది. పండు పింగ్‌పాంగ్ బంతి అంత ఉంటుంది, పసుపు తొక్కమీద సన్నని నూగు. కోస్తే లోపల సగం గింజలే. మిగతా సగంలో కొద్దిపాటి రసం, వేళ్లకు అంటుకుని సబ్బుకు కూడా త్వరగా వదలని జిగురు. వాసన గొప్పగా ఉంటుంది, ఒక్క పండు గదినంతా నింపేస్తుంది. నాలుకకు తగిలిస్తే ముందు పులుపు, వెంటనే చేదు, ఆ తర్వాత గొంతులో టర్పెంటైన్ తాగినంత ఘాటు.

ఈ చెట్టు ధైర్యాన్ని, బత్తాయి తీపిని ఒకే కాయలోకి తేవాలన్నది వాల్టర్ టి. స్వింగిల్ ఆశ. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన స్వింగిల్, సహచరుడు హెర్బర్ట్ జె. వెబర్‌తో కలిసి 1897లో ఈ సంకరాలు మొదలుపెట్టాడు. బత్తాయికీ మూడాకుల నారింజకూ పుట్టినవాటికి సిట్రేంజ్ అని పేరు పెట్టారు. రస్క్, విలిట్స్, మోర్టన్ వంటి రకాలు అలా వచ్చినవే. మూడాకుల నారింజను గ్రేప్‌ఫ్రూట్‌తో కలిపితే సిట్రుమెలో. సిట్రేంజ్‌ను మళ్లీ చిట్టి నారింజలా ఉండే కుంక్వాట్‌తో కలిపితే సిట్రేంజ్‌క్వాట్. కాగ్జీ నిమ్మను, అంటే మన గూడూరు, తెనాలి తోటల్లో పండే నిమ్మ జాతినే, కుంక్వాట్‌తో కలిపితే లైమ్‌క్వాట్. పేర్లన్నీ ఆ కాలపు ఉత్సాహాన్ని పట్టిస్తాయి.

చెట్లు చలికి నిలిచాయి. చాలా సిట్రేంజ్‌లు మైనస్ 10 దాకా బతికాయి. మోర్టన్ కాయ చూడటానికి అచ్చం పెద్ద బత్తాయే, రసమూ దండిగా ఉంటుంది. కానీ నోట్లో పెట్టుకుంటే ఆ పాత చేదు, ఆ జిగురు ఘాటు ఎంతో కొంత ఉండనే ఉంది. బజారులో బత్తాయి పక్కన పెట్టి అమ్మగలిగిన సిట్రేంజ్ ఒక్కటీ రాలేదు. నూట పాతికేళ్లు దాటినా ఇదే పరిస్థితి. ఎందుకిలా?

చలిని తట్టుకునే గుణం ఒక్క జన్యువు మీద ఆధారపడింది కాదు. నిద్ర ఎప్పుడు మొదలవ్వాలి, పొరలు ఎలా మారాలి, చక్కెరలు ఎంత చేరాలి అన్నవన్నీ అనేక జన్యువులు కలిసి తేల్చే సంగతులు. చేదూ అంతే. పాన్సిరిన్ అనే పదార్థం ఒకటి, నారింజిన్ ఒకటి, తొక్కలోని నూనెలు మరికొన్ని. మొదటి తరంలో రెండు గుణాలూ సగం సగం వస్తాయి. తీపి కోసం మళ్లీ బత్తాయితో కలిపితే చేదుతోపాటు చలి బలమూ సగానికి సగం పోతుంది. పోనీ, వేల మొక్కలు పెంచి వాటిలోంచి చేదు పోయి బలం మిగిలిన ఒక్కదాన్ని ఏరుదామంటే, గింజ నుంచి పుట్టిన నిమ్మ జాతి మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో మూడు నాలుగు తరాలు చూస్తే గొప్ప. దీనికి తోడు బహుపిండత్వం అనే అడ్డంకి ఉంది. ఈ జాతిలో చాలా రకాల గింజల్లో పరాగంతో పుట్టిన పిండం పక్కనే తల్లి కణజాలం నుంచి పుట్టిన పిండాలు కూడా ఉంటాయి, అవే బలంగా మొలుస్తాయి. సంకరం చేశామనుకుని నాటిన వంద మొలకల్లో ఎక్కువ భాగం తల్లి నకళ్లే కావచ్చు. మూడాకుల నారింజ తండ్రి అయితే ఒక్క సౌకర్యం ఉంది: మూడాకుల గుణం బలమైనది కాబట్టి, మూడేసి ఆకులతో మొలిచిందే అసలు సంకరమని నారుమడిలోనే గుర్తుపట్టవచ్చు.

తినడానికి పనికిరాలేదు కాబట్టి ఆ శ్రమంతా వృథా అయిందనుకోవడం తప్పు. ఇదే బహుపిండత్వం ఇంకోచోట వరమైంది. గింజ వేస్తే తల్లిలాంటి మొక్కలే వస్తాయి కనుక సిట్రేంజ్‌లు వేరుమూలంగా, అంటే అంటు కట్టడానికి కింది మొక్కగా, చక్కగా కుదిరాయి. 1909లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో నేవెల్ నారింజకూ మూడాకుల నారింజకూ చేసిన సంకరం నుంచి ట్రాయర్, కరిజో రకాలు వచ్చాయి. పుల్ల నారింజ వేరుమూలం మీద పెంచిన తోటల్ని ట్రిస్టెజా వైరస్ తుడిచిపెడుతున్న రోజుల్లో కాలిఫోర్నియాను నిలబెట్టినవి ఈ రకాలే. 1907లో ఫ్లోరిడాలో చేసిన సంకరం ఒకటి 1974లో 'స్వింగిల్ సిట్రుమెలో' పేరుతో విడుదలై అక్కడి తోటల్లో ప్రధాన వేరుమూలాల్లో ఒకటైంది. మూడాకుల నారింజకు ట్రిస్టెజాను, నులిపురుగుల్ని, వేరుకుళ్లు, బంక తెగుళ్లు తెచ్చే సూక్ష్మజీవిని ఎదిరించే శక్తి ఉంది. అది పిల్లలకూ వచ్చింది. ఇంకో లాభం కూడా ఉంది. ఈ వేరు శీతకాలంలో ముందుగా పని ఆపేస్తుంది, దానితో పైనున్న అంటు కూడా త్వరగా కునుకు తీస్తుంది. ఒకే కమలా రకాన్ని గజనిమ్మ వేరు మీద, మూడాకుల వేరు మీద కట్టి చలికి వదిలితే రెండోదే ఎక్కువగా నిలుస్తుంది. స్వింగిల్ పండులో వెతికిన బలం చివరికి మట్టి కింద దొరికింది. ప్రపంచం ఇవాళ తాగుతున్న నారింజ రసంలో గణనీయమైన భాగం ఆ చేదు చెట్టు వంశపు వేళ్ల మీదుగా వస్తున్నదే.

ఆంధ్ర, తెలంగాణ చీనీ తోటలకు ఈ వేరు అంతగా నప్పలేదు. అనంతపురం, నల్లగొండ జిల్లాల్లో సాతుగుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద, జంబేరి మీద కడతారు. మన సమస్య చలి కాదు, నీటి ఎద్దడి, సున్నపు నేలలు. మూడాకుల వేరుకు ఈ రెండూ గిట్టవు.

చలి సమస్యకు మరో దారి కూడా ఉంది. అది ప్రయోగశాలల్లోంచి రాలేదు. తూర్పు ఆసియా కొండ పల్లెల్లో తనంతట తాను పుట్టిన సంకరం యూజు. చైనాలోని ఇచాంగ్ ప్రాంతపు అడవి నిమ్మ వంశానికీ కమలా వంశానికీ పుట్టింది. గట్టిపడిన చెట్టు మైనస్ 9 దాకా సులువుగా నిలుస్తుంది. జపాన్‌లో కోచి ప్రిఫెక్చర్ దీనికి పెట్టింది పేరు. కొరియాలో తొక్కతో సహా సన్నగా తరిగి చక్కెరలోనో తేనెలోనో ఊరబెట్టి చలికాలమంతా వేడినీళ్లలో కలుపుకుని తాగుతారు. జపాన్‌వాళ్లు పగలు అతి చిన్నదయ్యే రోజున పండ్లను స్నానపు నీళ్లలో తేలవేస్తారు. గింజ నుంచి పెంచితే కాపుకు 18 ఏళ్లు అని జపనీయుల సామెత. మూడాకుల వేరు మీద అంటు కడితే మూడు నాలుగేళ్లలోనే కాస్తుంది. యూజులో రసం తక్కువ, గింజలు ఎక్కువ, తొనలు ఒలుచుకుని తినే పండు కాదు. అయినా ఈ జాతి మొత్తంలో చలి ప్రదేశాలకు అత్యంత విజయవంతమైన పండు ఇదేనని నేను గట్టిగా చెబుతాను. దాన్ని ఎవరూ తీపి కోసం అడగలేదు. వాసన కోసం, పులుపు కోసం అడిగారు, అది ఇచ్చింది.

తీపి కావాలంటే సత్సుమా కమలా ఉంది. జపాన్‌లో పుట్టిన ఈ గింజలేని కమలా 1870లలో అమెరికా చేరింది. ఆకుపచ్చదనం పోకముందే తీపెక్కుతుంది, గట్టి చలి రాకముందే కోత అయిపోతుంది. పండు సంగతి చూస్తే ఇదే దాని అసలు బలం, ఎందుకంటే చెట్టు బతికినా కాయ మైనస్ 2 డిగ్రీల్లో నాలుగు గంటలుంటే లోపల గడ్డకట్టి పాడవుతుంది. అలబామాలో సత్సుమా అనే ఊరే వెలిసింది. ఆ తీరపు తోటల్ని చలి పదేపదే చంపింది, జనం పదేపదే నాటారు. గత పదేళ్లలో జార్జియా దక్షిణ భాగంలో ఇవి వేల ఎకరాలకు పాకాయి. అక్కడి రైతు మూడాకుల వేరు మీద సత్సుమా కట్టి, చలి రాత్రి మొదలు దగ్గర సన్నని తుంపర వదులుతాడు. గ్రాము నీరు గడ్డకడుతూ 80 కెలొరీల వేడిని వదులుతుంది. ఆ వేడి మొదలును కాపాడుతుంది. మధ్యలో కరెంటు పోయి నీళ్లు ఆగితే మాత్రం తడిసిన చెట్టు పొడి చెట్టు కన్నా ఘోరంగా దెబ్బతింటుంది. సత్సుమాను చైనాలోని చాంగ్‌షా కమలాతో కలిపి టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో తెచ్చిన 'ఆర్కిటిక్ ఫ్రాస్ట్' లాంటి రకాలు ఇప్పుడు పెరటి తోటల్లోకి వస్తున్నాయి. వీటిలో మూడాకుల రక్తం లేదు కనుక చేదు లేదు, బలమూ ఆ మేరకు తక్కువే.

చెట్టును మార్చకుండా చోటును మార్చిన ప్రయత్నాల్ని ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్తాను. ఇటలీ గార్డా సరస్సు ఒడ్డున రాతి స్తంభాలు కట్టి, చలికాలంలో వాటిమీద చెక్కలు, అద్దాలు మూసి నిమ్మలు పండించారు. సోవియట్ మధ్య ఆసియాలో లోతైన కందకాలు తవ్వి వాటిలో నాటారు.   ఇవి మనిషి శ్రమ ఉన్నంత కాలం నడిచే పద్ధతులు.

ఈ విషయం తెలుగువాళ్లకు నేరుగా తగిలేది డాలస్, అట్లాంటా వంటి ఊళ్లలో. నిమ్మకాయ, కరివేపాకు లేని పెరడు మనవాళ్లకు పెరడు కాదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19కి దిగింది, రోజుల తరబడి సున్నా దాటలేదు. నేలలో నాటిన నిమ్మ, నారింజలు దాదాపు అన్నీ పోయాయి. ఇలాంటి చలి తర్వాత చాలా ఇళ్లలో ఒక సంగతి జరుగుతుంది. ఏప్రిల్లో చచ్చిందనుకున్న మొక్క మొదట్లోంచి పచ్చటి రెమ్మ లేస్తుంది. ఇంట్లో అందరికీ సంతోషం. ఎరువేస్తారు, నీళ్లు పోస్తారు, అది బాణంలా పెరుగుతుంది. దగ్గరికెళ్లి ఆకు చూడాలి. తొడిమకు మూడు ఆకులుంటే అది కొన్న నిమ్మ కాదు, అంటు కింద ఉన్న వేరుమూలం. అంటు భాగం చచ్చిపోయింది. మూడు నాలుగేళ్లు పెంచాక వచ్చేవి నూగు తొక్క చేదు కాయలు. ఆ రెమ్మను చూసిన రోజే ఒక నిర్ణయం తీసుకోవాలి: పీకెయ్యాలి, లేదా దానిమీదే మంచి కన్ను తెచ్చి అంటు కట్టాలి. రెండోదే మేలు, బలమైన వేరు అప్పటికే నేలలో ఉంది. ఈ తిప్పలు రాకుండా ఫ్లోరిడా పాతకాపులు చలికాలానికి ముందు అంటు అతుకు మునిగేదాకా మొదలుకు మట్టి ఎగదోసేవాళ్లు. పైనంతా మాడినా మట్టిలో ఉన్న జానెడు నిమ్మ కొయ్య మళ్లీ చిగురేస్తుంది. ఇంతకన్నా చవకైన రక్షణ లేదు. వసంతంలో ఆ మట్టి తీసెయ్యాలి, లేకపోతే బెరడు కుళ్లుతుంది.

డాలస్ చుట్టుపక్కల నల్లమట్టిలో సున్నం ఎక్కువ. మూడాకుల వేరు మీద కట్టిన మొక్క అక్కడ రెండో ఏటికల్లా ఇనుము అందక పాలిపోతుంది. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా కనబడితే నత్రజని వెయ్యడం దండగ. చలికి మంచి వేరు, ఆ నేలకు చెడ్డ వేరు. అందువల్ల అక్కడ ఎత్తు మడి కట్టి వేరే మట్టి నింపడమో, పెద్ద కుండీలో పెంచి చలి రాత్రుల్లో లోపల పెట్టడమో తప్పదు. కుండీలో వేళ్లకు నేల వెచ్చదనం అందదన్నది గుర్తుంచుకోవాలి. బయట వదిలిన కుండీ మొక్క నేలలోని మొక్క కన్నా ముందే చస్తుంది.

కరివేపాకు మాట ఎత్తాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం. నారింజ తోటల్ని చంపుతున్న గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగు కరివేప చిగుళ్ల మీద హాయిగా పెరుగుతుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కరివేప మొక్కనో నిమ్మ అంటునో కారులో పెట్టుకుని వెళ్లడం మీద అమెరికాలో ఆంక్షలున్నది అందుకే. స్నేహితులకు మొక్క పంచడం మన అలవాటు, మంచి అలవాటే. ఈ రెండింటి విషయంలో మాత్రం మానుకోవాలి. ఫ్లోరిడాలో 2005లో కనబడిన ఈ తెగులు ప్రధాన కారణంగా 2003-04లో 24 కోట్ల పెట్టెలున్న నారింజ దిగుబడి 2024-25కి సుమారు కోటీ ఇరవై లక్షలకు పడిపోయింది. 1895 చలి చేసిన నష్టం నుంచి ఆ రాష్ట్రం తేరుకుంది. దీన్నుంచి ఇంకా తేరుకోలేదు.

ఇక చలి ప్రాంతంలో ఏం నాటాలి అన్న ప్రశ్న. నా ఓటు పులుపుకే. థామస్‌విల్ సిట్రేంజ్‌క్వాట్‌ను తీసుకోండి. 1909 నాటి సంకరం, జార్జియాలోని థామస్‌విల్‌లో 1923లో తొలి కాపు కాసింది. పచ్చిగా కోస్తే నిమ్మకాయ పనికి లోటు లేకుండా వస్తుంది, నిమ్మ చచ్చే చలికి నిలుస్తుంది. కుంక్వాట్ వంశం వల్ల దానికి తొందరగా మేల్కొనే అలవాటు తక్కువ. తొనలు ఒలిచి తినే పండు కోసం చూసేవాళ్లకు ఇది ఓడిపోయిన రకం. మన వంటింటికి కాదు. దబ్బకాయను, పుల్ల నారింజను, గజనిమ్మను తీపి లేదని మనం ఏనాడూ తోసేయలేదు. దబ్బకాయ తొక్క చేదే. ఉప్పులో ఊరి, ఎండి, కారం, మెంతిపిండి పడ్డాక ఆ చేదే ఊరగాయకు రుచి అవుతుంది. పుల్ల నారింజ రసంతో పులిహోర కలిపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. యూజు తొక్క, థామస్‌విల్ రసం, సిట్రేంజ్ తొక్క ఊరగాయ జాడీలోకి వెళ్లాల్సినవి. ఆర్కిటిక్ ఫ్రాస్ట్ పక్కన ఒక థామస్‌విల్, ఒక యూజు ఉంటే డాలస్ ఇల్లు పులుపు కోసం బజారుకు వెళ్లే అవసరం బాగా తగ్గుతుంది.

తీపి కోసం పని కూడా ఆగలేదు. ఈసారి దాన్ని ముందుకు నెడుతున్నది చలి కన్నా గ్రీనింగ్ తెగులు. మూడాకుల నారింజ సంకరాలు ఆ తెగులును మిగతావాటికన్నా బాగా ఓర్చుకుంటున్నట్టు తేలడంతో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు దశాబ్దాల నాటి సంకరాల్ని, వాటి మనవల్ని మళ్లీ రుచి చూడటం మొదలుపెట్టారు. వాటిలోంచి వచ్చిన 'సన్‌డ్రాగన్' రకం పూర్వీకుల్లో మూడాకుల నారింజ ఉంది, రసం మాత్రం బత్తాయికి బాగా దగ్గర. జన్యు గుర్తులతో నారుమడిలోనే చేదు మొక్కల్ని ఏరెయ్యగలిగితే తరానికి ఎనిమిదేళ్లు ఎదురుచూడాల్సిన పని చాలావరకు తగ్గుతుంది. ఇలాంటి రకాలు ఉత్తరాదికి ఎంత దూరం పోగలవో చూడాలంటే వాటిని వెచ్చని ఫ్లోరిడాలో కాదు, ఎండా చలీ దాగుడుమూతలాడే జార్జియా, టెక్సస్ ఫిబ్రవరుల్లో నాటి చూడాలి.